మ్యూనిక్ హోఫ్‌గార్టెన్‌లో అసలు చూడ్డానికి ఏముంది?

కంకరబాట
అమ్మానాన్నల్ని తీసుకుని మరియన్‌ప్లాట్జ్ నుంచి నడుచుకుంటూ వెళ్లాం, అందరూ హోఫ్‌గార్టెన్ మిస్సవద్దు, రాజుగారి తోట, సిటీ నడిబొడ్డున ఉంది, ఫ్రీ అని ఒకటే ఊదరగొట్టారు కదా. తీరా చూస్తే ఏముంది? కంకర దారులు, మోకాలెత్తు మొక్కల కంచెలు, కొన్ని పూలు, మధ్యలో ఒక మండపం. మండపంలో ఒకాయన వయొలిన్ వాయిస్తున్నాడు, అది బాగుంది, కాదన్ను. మా నాన్న ఒక రౌండ్ కొట్టొచ్చి "ఇంతకీ ఎంత చిన్న రాజురా ఈయన?" అన్నారు. అమ్మ చెప్పుల్లోకి కంకర దూరి బెంచీ మీద కూర్చుని దులుపుకోవడమే సరిపోయింది. వాళ్లు మైసూరు బృందావన్ చూసినవాళ్లు, మొన్న నింఫెన్‌బుర్గ్ ప్యాలెస్ తోట కూడా చూశారు, ఇక్కడ ఏం చెప్పాలో నాకే తోచలేదు.

వచ్చే వారం మా బావమరిది వాళ్లు వస్తున్నారు, ఇద్దరు పిల్లలు. వాళ్లని ఇక్కడికి తీసుకెళ్లాలా లేక నేరుగా ఆ పెద్ద పార్కు, ఇంగ్లిష్ గార్డెన్‌కి వెళ్లిపోవచ్చా? ఫొటో బాగుంటుంది లాంటి జవాబులు వద్దు, అక్కడ నిజంగా ఏం చేస్తారో చెప్పండి.

నిద్రమత్తు
ఎంత చిన్న రాజురా, హహహ. అంకుల్‌కి దండం.

బవేరియా_బుల్లోడు
వెళ్లింది ఎన్నింటికి? మిట్టమధ్యాహ్నం ఎండలో వెళ్లుంటే మీ తప్పు కాదు, ఆ టైమ్‌లో అక్కడ టూరిస్టులూ పావురాలే ఉంటారు. ఆఫీసులు వదిలాక వెళ్లండి. చెట్ల కింద కంకర మీద ముసలాళ్లు ఇనప గుండ్లతో బూల్ ఆడుతుంటారు, జూన్ జూలైలో తొమ్మిదింటిదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి వాళ్లకి తొందరే ఉండదు. ఎండాకాలం కొన్ని సాయంత్రాలు ఆ మండపంలోనే టాంగో డాన్స్ చేస్తారు, ఎవరో స్పీకర్ తెచ్చుకుంటారు, జంటలు వస్తారు, టికెట్టూ లేదు ప్రకటనా లేదు. నేను మ్యూనిక్ వచ్చిన కొత్తలో చూసి ఏదో పెళ్లి అనుకున్నా.

ఓరుగల్లు_రవ్వ
నేను కంకరబాట అన్న దిక్కే. మా దోస్తు ఒకడు గిదే తోటకు తీస్కపోయిండు, సుట్టూ తిరిగినం, అయిపాయె. ఏమున్నదన్నా అండ్ల? పబ్లిక్ గార్డెన్‌లకు పోతే కనీసం చెట్టు కింద పండుకోవచ్చు. ఈడ లైన్లు గీసి పెట్టిండ్రు, జామెట్రీ క్లాసుల కూసున్నట్టే.

తోటకూర
జామెట్రీ క్లాసు అని వెటకారానికి అన్నారేమో గానీ కరెక్టే అన్నారు. అది ఇటలీ పద్ధతి తోట, 1613 నుంచి 1617 మధ్య వేసింది. ఆ రోజుల్లో తోటంటే అడవిలా పెరగనివ్వడం కాదు, గీత గీసి ఆ గీత లోపల మొక్కని నిలబెట్టడం. రాజు ఎంత అదుపులో పెట్టగలడో మొక్కల్లో కనిపించాలి, అదీ లెక్క. అందుకే కంచెలు మోకాలెత్తే, నిలబడి చూస్తే మొత్తం డిజైన్ ఒకేసారి కంటికి ఆనాలి కదా. నింఫెన్‌బుర్గ్‌తో పోల్చకండి, అది ఊరవతల కట్టుకున్న వేసవి ప్యాలెస్ తోట, ఎంత కావాలంటే అంత స్థలం. ఇది కోట పక్కనే ఉన్న పెరడు. పెరట్లో ఏనుగులు తిరగవు.

ఒక మాట, ఇప్పుడున్నది అచ్చంగా అప్పటి తోట కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి నాశనమైపోయింది, తర్వాత కొంత పదిహేడో శతాబ్దం ప్లాను ప్రకారం, కొంత పంతొమ్మిదో శతాబ్దంలో ఉన్నట్టు కలిపి మళ్లీ వేశారు. కాబట్టి నాలుగొందల ఏళ్ల తోట అని చెప్పి ఎవరైనా ఒక మొక్కని చూపిస్తే నమ్మకండి.

కంకరబాట
@తోటకూర పెరడు అన్నమాట ముందే తెలిసుంటే నాన్నకి అదే చెప్పేవాణ్ణి. కానీ కోట పక్కన అంటున్నారు, కోట ఎక్కడ? నాకు ఒక పక్క పొడుగాటి బిల్డింగు తప్ప కోట ఏం కనపడలేదే.

పాతరాతియుగం
ఆ పొడుగాటి బిల్డింగే అండి కోట, రెసిడెన్జ్. తోటకి దక్షిణం పక్కన ఉన్నదంతా దాని వెనక వైపు. విటెల్స్‌బాఖ్ వంశం 1180 నుంచి 1918 దాకా బవేరియాని, అంటే మ్యూనిక్ ఉన్న ఈ రాష్ట్రాన్ని ఏలింది, ఏడొందల ఏళ్ల పైమాటే, వాళ్ల మ్యూనిక్ ఇల్లు అదే. ఈ తోట వేయించింది మాక్సిమిలియన్, తోట వేసేటప్పటికి ఆయన డ్యూక్, 1623లో ఎలెక్టర్ హోదా వచ్చింది, అంటే చక్రవర్తిని ఎన్నుకోవడంలో ఓటున్న పాలకుడు. అంటే అప్పటికి వీళ్లకి రాజు అనే బిరుదే లేదు, అది 1806లో వచ్చింది. కాబట్టి అంకుల్ ప్రశ్నకి జవాబు, నిజంగానే కొంచెం చిన్న రాజే.

మీరు పడమర పక్కనున్న ఓడియన్స్‌ప్లాట్జ్ కూడలి వైపు నుంచి వెళ్లుంటే ఒక గేటు దాటుంటారు. దాన్ని కట్టింది లియో ఫాన్ క్లెంజె. తర్వాత మ్యూనిక్‌లో సగం పెద్ద బిల్డింగులు ఆయనే కట్టాడు, ఆ ఊళ్లో ఆయన మొదటి పని మాత్రం ఈ గేటే. గేటు లోపలికి వెళ్లగానే రెండు పక్కలా ఆర్చీల వరండా ఉంటుంది, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు. 1820ల చివర్లో మొదటి లుడ్‌విగ్ రాజు వేయించాడు, ఆ వంశం గొప్పలన్నీ వరసగా. 1180లో ఆ వంశపు ఓటోకి బవేరియా ఇవ్వడం, 1688లో బెల్‌గ్రేడ్ కోట మీద దాడి, 1818లో రాజ్యాంగం ఇవ్వడం, ఇలా. జనం వాటి కింద నిలబడి ఫోన్ చూసుకుంటారు, తలెత్తరు. మీ అమ్మగారు చెప్పులు దులుపుకున్న బెంచీ ఆ వైపే అయ్యుంటే తల పైకెత్తితే బెల్‌గ్రేడ్ యుద్ధం.

నిద్రమత్తు
చెప్పులు దులుపుకుంటూ బెల్‌గ్రేడ్ యుద్ధం చూడాలంటే మెడ రెండు వైపులా తిరగాలి కదా సార్.

సీతాఫలం
రాజుగారి సొంత తోటలోకి మామూలు జనాన్ని ఎప్పట్నుంచి రానిచ్చారు? ఊరికే అడుగుతున్నా.

పాతరాతియుగం
1780 ప్రాంతంలో, కార్ల్ థియోడోర్ టైమ్‌లో. ఇంగ్లిష్ గార్డెన్ మొదలుపెట్టింది కూడా ఆయన పాలనలోనే, 1789లో. విచిత్రం ఏంటంటే ఆయన మ్యూనిక్ వాళ్లకి అస్సలు నచ్చలేదు, వేరే చోటు నుంచి వారసత్వంగా వచ్చినవాడు, పైగా బవేరియాని ఆస్ట్రియాకి ఇచ్చేసి బదులుగా ఇంకో చోటు తీసుకుందామని చూశాడు. ఇవాళ వీకెండ్‌లో జనం పడి దొర్లే రెండు తోటలూ ఆ నచ్చనివాడి చలవే.

మూడోకన్ను
ఫొటో గురించి చెప్పొద్దన్నారు గానీ నేను ఆపుకోలేను. మండపం లోపల నిలబడండి. ఎనిమిది ఆర్చీలు, ఒక్కో ఆర్చీ నుంచి ఒక దారి బయటికి పోతుంది. పడమర వైపు ఆర్చీలోంచి చూస్తే తెయాటినర్ చర్చి పసుప్పచ్చ గోపురాలు చెట్ల పైనుంచి కనిపిస్తాయి, తూర్పు ఆర్చీలోంచి చూస్తే గాజు బిల్డింగు మధ్యలో గుమ్మటం. ఒకే చోట నిలబడి తల తిప్పితే చాలు. సాయంత్రం ఎండ వాలాక ఆర్చీల నీడ నేల మీద పొడుగ్గా పడుతుంది, అప్పుడు తీయాలి, మధ్యాహ్నం తీస్తే మొహాలన్నీ నల్లగా వస్తాయి.

ఇంకోటి, ఈమధ్య మనవాళ్లు ప్రీవెడ్డింగ్ షూట్ అని పెద్ద రిఫ్లెక్టర్లు, పొగ డబ్బాలు పట్టుకొచ్చేస్తున్నారు. డబ్బులు తీసుకుని చేసే షూట్‌కి ప్యాలెస్‌ల శాఖ పర్మిషన్ తీసుకోవాలి. డ్రోన్ సంగతి మర్చిపోండి.

అత్తగారి_కాఫీ
మండపంలో వయొలిన్ బాగుందన్నారు కదా, దానికి సగం కారణం ఆ గుమ్మటమే, ఒక్కరు వాయించినా గదంతా నిండుతుంది. మా అత్తగారు కర్ణాటక సంగీతం పాడతారు, ఎవరూ లేని పొద్దున పూట లోపలికెళ్లి మోహనంలో చిన్న ఆలాపన చేశారు, పక్కన కుక్కని తిప్పుతున్న ఒక జర్మన్ ముసలావిడ ఆగి అయిపోయేదాకా విని వెళ్లింది. కోడలినై ఉండి గర్వంగా ఫీలయ్యా, ఇది అత్తగారికి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి: కంకర మీద చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. వీల్‌చెయిర్, బేబీ స్ట్రోలర్ చిన్న చక్రాలవి అయితే కంకరలో కూరుకుపోతాయి, అంచున ఆర్చీల వరండాలో నేల చదునుగా ఉంటుంది, అటు నుంచి తోయండి. బెంచీలకి లోటు లేదు. లిండెన్ చెట్ల కింద బెంచీలు నీడగా ఉంటాయి గానీ కూర్చునేముందు చేత్తో తడిమి చూడండి, వేసవిలో ఆ ఆకుల మీంచి ఏదో బంక కారి జిగటగా ఉంటుంది, నా సిల్కు చున్నీ ఒకటి అలాగే పోయింది.

తోటకూర
ఆ బంక చెట్టుది కాదండి, ఆకుల మీద ఉండే పేనుబంక పురుగులు వదిలేది. మనూళ్లో పత్తి చేలో, చిక్కుడు పాదు మీద పట్టేవి ఇలాంటి పురుగులే.

అత్తగారి_కాఫీ
అంటే నా చున్నీ మీద పురుగులు... చెప్పకుండా ఉండాల్సింది.

ఓరుగల్లు_రవ్వ
@మూడోకన్ను మండపం పేరు డయానా గుడి అని రాశిండ్రు బోర్డు మీద. మరి పైన బొమ్మ డయానాదే గద?

మూడోకన్ను
అవును డయానాదే అనుకుంటా. వేట దేవత.

పాతరాతియుగం
కాదండి. గుడి డయానాది, నెత్తి మీద నిలబడ్డది బవేరియా, అంటే ఈ రాష్ట్రాన్నే ఆడమనిషి రూపంలో పోతపోశారు, మనం తెలుగుతల్లి అనుకున్నట్టు. హ్యూబర్ట్ గెర్హార్డ్ అనే శిల్పి చేసిన కంచు బొమ్మ. ఆమె దగ్గర లేడి తోలు ఉంటుంది, ఉప్పు పీపా ఉంటుంది. ఉప్పెందుకంటే అప్పట్లో బవేరియా ఖజానాకి ఉప్పు వ్యాపారం పెద్ద ఆధారం. కింద నుంచి కనపడదు, ఫోన్ జూమ్ చేసి చూడండి. ఇంకో సంగతి, పైన ఉన్నది కాపీ. అసలు బొమ్మ రెసిడెన్జ్ లోపల పెట్టారు, అక్కడ మన మొహానికి ఎదురుగా చూడొచ్చు.

ఓరుగల్లు_రవ్వ
గిది మంచిగ చెప్పినవ్ అన్నా. ఉప్పు పీపా ముచ్చట మా దోస్తుకు చెప్త, ఆడు ఆడ పదేండ్ల సంది ఉంటుండు, ఆనికి గూడ తెల్వదు.

కంకరబాట
రెసిడెన్జ్ లోపలికి వెళ్లడం వర్తేనా? పిల్లలతో అంటే టికెట్లు ఎక్కువవుతాయేమోనని. ఆదివారం ఒక యూరోకే మ్యూజియంలు అంటారు కదా, అప్పుడు ప్లాన్ చేద్దామా?

సీతాఫలం
అవును ఆదివారం ఒక యూరోనే, మేం వెళ్లాం.

బవేరియా_బుల్లోడు
@సీతాఫలం మీరు వెళ్లింది పెయింటింగుల మ్యూజియం పినకోటెక్ అయ్యుంటుంది, ఆదివారం యూరో స్కీము అలాంటి స్టేట్ మ్యూజియంలకే. రెసిడెన్జ్ ప్యాలెస్‌ల శాఖ కిందది, దానికి ఆదివారం తగ్గింపు లేదు. కానీ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి ఫ్రీ, కాబట్టి కంకరబాట గారు, మీ బావమరిది పిల్లల టికెట్ల గురించి బెంగ వద్దు. లోపల గదులు మాత్రం బోలెడు, పిల్లలు సగంలో గొడవ మొదలెడతారు. పొద్దున్నే కోట, మధ్యాహ్నం ఏదో ఒకటి తినేసి, సాయంత్రం తోట. ఈ వరసలో వెళ్తే తోటలో కూర్చోవడం శిక్షలా కాకుండా రెస్టులా అనిపిస్తుంది.

సీతాఫలం
హా అది పినకోటెక్కే. రెండిట్లోనూ బంగారు ఫ్రేములే ఉంటాయి, నాకెలా తెలుస్తుంది.

చలిమంట
అందరూ మండపం మండపం అంటున్నారు, తూర్పు చివర ఉన్నదాని గురించి ఒక్కరూ ఎత్తట్లేదు. గుమ్మటం ఉన్న గాజు బిల్డింగు ముందు నేల కిందికి దిగిపోయే ఒక కట్టడం ఉంది, చూశారా? మెట్లు ఉంటాయి, కిందికి దిగితే మధ్యలో బరువైన రాతి పైకప్పు, దాని కింద చీకట్లో ఒక సైనికుడు యూనిఫారంలో వెల్లకిలా పడుకుని ఉంటాడు, ఛాతీ మీద తుపాకీ. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మ్యూనిక్ వాళ్ల కోసం 1924లో కట్టారు. 13,000 మంది. తర్వాత రెండో యుద్ధం లెక్క కూడా రాతి మీద చేర్చారు, 22,000 మంది చనిపోయారు, 11,000 మంది ఆచూకీ లేరు, 6,600 మంది విమాన దాడుల్లో పోయారు. పైన తోటలో జనం ఐస్‌క్రీం తింటుంటారు, నాలుగు మెట్లు దిగగానే గాలి చల్లబడిపోతుంది.

మా పిల్లాడు ఆ మెట్ల మీద గెంతుతుంటే ఒక పెద్దాయన ఏమీ తిట్టలేదు, వేలు పెట్టి ఆ సైనికుడి బూట్ల వైపు చూపించాడంతే. బూటు కింద మేకులు కూడా చెక్కారు. వాడు ఆ మేకులు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

నిద్రమత్తు
నేను దాన్ని మెట్రో స్టేషన్ ఎంట్రెన్స్ అనుకుని వెనక్కొచ్చేశా.

చలిమంట
అలా అనుకునేవాళ్లు చాలామంది. ఇంకా కొంచెం ముందుకి, ఆ గాజు బిల్డింగు దగ్గర్లోనే నల్లరాతి దిమ్మె ఒకటి ఉంటుంది. హిట్లర్‌ని ఎదిరించినవాళ్ల గుర్తుగా 1996లో పెట్టారు. సోఫీ షోల్, ఆమె అన్న హాన్స్, క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్, ముగ్గురూ స్టూడెంట్లు, యూనివర్సిటీలో కరపత్రాలు పంచిన కేసులో 1943 ఫిబ్రవరి 22న తల నరికించారు. ఆ యూనివర్సిటీ ఇక్కణ్నుంచి లుడ్‌విగ్‌స్ట్రాసె మీద నేరుగా నడిస్తే వస్తుంది, దాని ముందు నేలలో రాళ్ల మధ్య ఆ కరపత్రాలు చెదిరి పడ్డట్టు పొదిగారు. సోఫీ వయసు 21.

అత్తగారి_కాఫీ
చలిమంట గారూ, మంచి విషయాలే గానీ అమ్మానాన్నలు ఊరు నుంచి వచ్చేది రెండు వారాలకి, వాళ్లకి ఇవన్నీ చెప్పి దిగులు పెట్టడం అవసరమా? తోట చూసి, కాఫీ తాగి, సంతోషంగా పంపిద్దాం.

చలిమంట
మా నాన్న మిలిటరీలో చేశారండి. ఆయనకి ఈ ట్రిప్‌లో నచ్చింది ఆ ఒక్కటే. కోటలో బంగారం గదులు చూసి ఆవలించారు. ఎవరికి ఏది ఎక్కుతుందో ముందే మనం డిసైడ్ చేసేస్తే ఎలా?

అత్తగారి_కాఫీ
సరే, అది నిజమే. మా అత్తగారికి మాత్రం నేను చూపించను, ఆవిడ రాత్రంతా నిద్రపోరు.

పాతరాతియుగం
చలిమంట గారు ఎత్తారు కాబట్టి ఇంకోటి. తోట ఉత్తరం పక్క ఆర్చీల వెనక ఒక పొడుగాటి గ్యాలరీ బిల్డింగు ఉంది చూడండి, ఇప్పుడు అటువైపు థియేటర్ మ్యూజియం ఉంది. 1937 జూలైలో నాజీలు "చెడిపోయిన కళ" అని పేరు పెట్టి ఒక ఎగ్జిబిషన్ పెట్టారు, ఆ గ్యాలరీ గదుల్లోనే. మోడర్న్ పెయింటింగుల్ని మ్యూజియంల నుంచి లాక్కొచ్చి, కావాలని వంకరటింకరగా వేలాడదీసి, పక్కన వెక్కిరింపులు రాశారు, జనం నవ్వడానికి. ఒక రోజు ముందే కూతవేటు దూరంలో ఇప్పుడు హౌస్ డెర్ కున్స్ట్ అంటున్న బిల్డింగులో "గొప్ప జర్మన్ కళ" ఎగ్జిబిషన్ మొదలుపెట్టారు. జనం ఎక్కడికి ఎగబడ్డారు? వెక్కిరించిన దానికే. ఇరవై లక్షలమందికి పైగా చూశారు.

సీతాఫలం
ఇది నిజంగా తెలీదు నాకు. ఆ వరండాలోనే కదా మేం వానకి నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నాం.

నిద్రమత్తు
హోఫ్‌గార్టెన్‌లో మిరపకాయ బజ్జీలా? ఎక్కడ అమ్ముతున్నారు? ఎగ్జిబిషన్ సంగతి తర్వాత, ముందు ఇది చెప్పండి.

సీతాఫలం
ఇంట్లో వేసి డబ్బాలో పట్టుకెళ్లాం. అమ్మడం ఏం లేదు. అక్కడ కాఫీ షాపు ఉంది కానీ రేటు చూసి మా ఆయన మొహం మాడిపోయింది, టేబుల్ దగ్గర కూర్చున్నాక లేచి వచ్చేయడానికి మొహమాటపడి ఒక్క కాఫీ ఇద్దరం పంచుకున్నాం, వెయిటర్ చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఓరుగల్లు_రవ్వ
ఒక్క కాఫీ రెండు స్పూన్లు, నడుస్తది అక్కా. మనకేం సిగ్గు.

బవేరియా_బుల్లోడు
ఆ గాజు బిల్డింగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, మా ఆఫీసులో ఒక ముసలాయన చెప్పగా విన్నది, తర్వాత చదివి చూశా. మధ్యలో గుమ్మటం పాత మిలిటరీ మ్యూజియంది, 1905లో పూర్తయిన బిల్డింగు, యుద్ధంలో రెక్కలు రెండూ పోయి గుమ్మటం ఒక్కటే మొండిగా మిగిలింది. దశాబ్దాల పాటు అలాగే శిథిలంగా ఉంది. 1980ల్లో ప్రభుత్వం అక్కడ ముఖ్యమంత్రి ఆఫీసు కడతామంది. మొదటి ప్లాను చూసి ఊళ్లో జనం గొడవ చేశారు, అంత పెద్దది కడితే తోట ఊపిరాడక చస్తుందని. తవ్వితే నేల కింద పాత తోట ఆర్చీలు బయటపడ్డాయి, అది ఇంకో రచ్చ. చివరికి సైజు తగ్గించి, రెక్కలు గాజుతో కట్టి 1993లో పూర్తిచేశారు. అప్పటి ముఖ్యమంత్రి ఫ్రాంజ్ జోసెఫ్ స్ట్రాస్ పేరు మీద జనం దాన్ని స్ట్రాసోలియం అని వెక్కిరించేవాళ్లు, ఆయన సమాధి అన్నట్టు.

అంటే ఏంటంటే, మీరు చుట్టూ తిరిగి "ఇంతేనా" అన్న ఆ ఖాళీ కోసం జనం కొట్లాడారు. నడిబొడ్డున అంత స్థలం ఏమీ కట్టకుండా వదిలేయడం చిన్న విషయం కాదు, మన దగ్గర అయితే ఈపాటికి నాలుగు టవర్లు లేచేవి.

కంకరబాట
@బవేరియా_బుల్లోడు అది ఒప్పుకుంటా. కానీ బ్రో, ఖాళీ కోసం కొట్లాడారని చెప్తే పదకొండేళ్ల పిల్లాడు ఆగుతాడా? "మామయ్యా వైఫై ఉందా" అంటాడు. నా పాయింట్ అదే, ఇది చూసే చోటు కాదు, ఆ ఊళ్లో ఉండేవాళ్లు కూర్చునే చోటు. రెండ్రోజులకొచ్చిన చుట్టాలకి లిస్టులో పెట్టి హడావిడి చేయక్కర్లేదు.

తోటకూర
లిస్టులో ప్రత్యేకంగా పెట్టక్కర్లేదు, దారిలో పెట్టండి. ఓడియన్స్‌ప్లాట్జ్‌లో దిగండి, మెట్రో నాలుగు లైన్లు ఆగుతాయి, యూ3 యూ4 యూ5 యూ6. గేటులోంచి లోపలికి, మండపం, మెట్లు దిగి ఆ సైనికుడు, అక్కణ్నుంచి ఈశాన్యం మూలకి వెళ్తే పెద్ద రోడ్డు కిందుగా అండర్‌పాస్ ఉంటుంది, అటు తేలితే హౌస్ డెర్ కున్స్ట్, దాని పక్కనే ఇంగ్లిష్ గార్డెన్ మొదలు. ఎలాగూ ఇంగ్లిష్ గార్డెన్‌కి వెళ్తానంటున్నారు కదా, రోడ్డు మీద కార్ల పొగలో నడిచే బదులు ఇలా నడవండి.

మూడోకన్ను
ఈ రూట్ బెస్ట్. పైగా వెళ్లేముందు ఓడియన్స్‌ప్లాట్జ్ నుంచి పక్క వీధిలోకి రెండడుగులు వేస్తే రెసిడెన్జ్ గుమ్మాల దగ్గర కంచు సింహాలు ఉంటాయి, వాటి కింద డాళ్ల మీద చిన్న మొహాల ముక్కులు జనం రుద్ది రుద్ది బంగారంలా మెరుస్తుంటాయి, అదృష్టం అట. పిల్లలకి ఇది కచ్చితంగా నచ్చుతుంది.

ఓరుగల్లు_రవ్వ
ముక్కు రుద్దితే వీసా స్టాంపింగ్ అయితదా?

చలిమంట
నేను రుద్దా, ఇక్కడ ఉద్యోగం చేసుకునే బ్లూ కార్డు వచ్చింది. ముక్కు వల్లనా అనేది నన్నడక్కండి.

స్లీపర్‌కోచ్
లేటుగా వచ్చా. సైకిల్ మీద తోటలోంచి అడ్డంగా వెళ్లిపోవచ్చా? మ్యాప్‌లో షార్ట్‌కట్ చూపిస్తోంది.

బవేరియా_బుల్లోడు
దిగి తోసుకుంటూ వెళ్లాలి, తొక్కకూడదు. తొక్కేవాళ్లు తొక్కుతూనే ఉంటారు, బెంచీ మీద ముసలాళ్లు అరుస్తూనే ఉంటారు, ఇది అక్కడి నిత్య సేవ. ఆ అరుపు మీకే పడితే జర్మన్ క్లాసులో నేర్పని మాటలు నాలుగు వస్తాయి, ఉచితంగా.

స్లీపర్‌కోచ్
సరే తోస్తా. ఇంకోటి, ఆ ఇనప గుండ్ల ఆటలో మనల్ని చేర్చుకుంటారా లేక క్లబ్బు లాంటిదా?

బవేరియా_బుల్లోడు
ఎక్కువమంది ఒకరికొకరు ఏళ్ల తరబడి తెలిసినవాళ్లే, కానీ పక్కన నిలబడి కాసేపు చూస్తే వాళ్లే అడుగుతారు, నన్ను అడిగారు. నిలబడేటప్పుడు వాళ్లు గుండు వేసే లైన్‌కి అడ్డం రాకండి, గుండు వేసేవాడు చేయి ఊపేటప్పుడు మాట్లాడకండి. ఒకాయన దగ్గర దారానికి కట్టిన అయస్కాంతం ఉంటుంది, నడుం వంచకుండా దాన్ని కిందికి వేలాడదీసి గుండు టక్కున అంటించి పైకి లాగుతాడు. ఎవరి గుండు చిన్న బంతికి దగ్గరుందో తేల్చడానికి జేబులోంచి టేపు తీస్తారు, మిల్లీమీటర్ల మీద గొడవ పడతారు, తర్వాత మళ్లీ అదే బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటారు.

నిద్రమత్తు
వంగకుండా గుండు తీసే అయస్కాంతం ఎక్కడ దొరుకుతుందో లింక్ పెట్టండి ఎవరైనా. ఆటకి కాదు, సోఫా కింద పడ్డ తాళాలకి.

కంకరబాట
తోటకూర గారి రూట్ సేవ్ చేసుకున్నా. శనివారం సాయంత్రం బయల్దేరుదామనుకుంటున్నా. వాన పడితే ఏం చేయాలి? చిన్నది ఇంకా స్ట్రోలర్‌లోనే, అండర్‌పాస్‌కి మెట్లా ర్యాంపా?

అత్తగారి_కాఫీ
వాన పడితే ఆర్చీల వరండాలోకి వెళ్లిపోండి, పడమర నుంచి ఉత్తరం దాకా తడవకుండా నడవొచ్చు, సీతాఫలం గారి బజ్జీల చోటు అదే. అండర్‌పాస్ నేను స్ట్రోలర్‌తో దాటలేదు, దాటినవాళ్లు చెప్పండి.

చలిమంట
నేను సైకిల్ తోసుకుంటూ దాటా, ఎక్కడా ఎత్తాల్సిన పని పడలేదు. @సీతాఫలం ఆ బజ్జీలకి మిరపకాయలు మ్యూనిక్‌లో ఎక్కడ తెచ్చారు? ఇక్కడ దొరికేవి ఒకటి కారమే ఉండదు, ఇంకోటి కళ్లలోంచి నీళ్లు.

సీతాఫలం
టర్కిష్ షాపులో పొడుగు పచ్చ మిరపకాయలు, గింజలు తీసేసి లోపల వాము, చింతపండు గుజ్జు పెట్టండి. కారంవి పడితే అది మీ కర్మ, ఒక సంచీలో ఐదింటికి ఒకటి తగులుతుంది.